దేవలాలి నుంచి ఎర్రగడ్డ దాకా: కనిపించని గాయానికి పెన్షన్ కథ

ఆర్టిలరీలో పనిచేసిన మన సభ్యులకు దేవలాలి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. నాసిక్ పక్కన ఆ కంటోన్మెంటు, ఆ ఫైరింగ్ రేంజీలు, ఆదివారం పూట లామ్ రోడ్డు మీద తిరుగుళ్ళు చాలామందికి కుర్రతనపు జ్ఞాపకాలు. అయితే ఆ ఊరి పేరు ఇంగ్లీషు భాషలో ఒక ఎగతాళి మాటగా మిగిలిపోయిందని ఎందరికి తెలుసో మరి. పందొమ్మిదో శతాబ్దంలో ఇండియాలో సర్వీసు పూర్తయిన తెల్ల సిపాయిలను ఓడ ఎక్కించే ముందు దేవలాలి క్యాంపులో ఉంచేవారు. వాళ్ళను తీసుకువెళ్ళే ఓడలు చలికాలంలోనే నడిచేవి. ఆ సీజను దాటిపోతే మళ్ళీ ఓడ వచ్చేదాకా నెలల తరబడి అక్కడే పడిగాపులు. చేతిలో పనిలేదు, నెత్తిన ఎండ, జ్వరాలు, సారా. కొందరికి మతి తప్పేది. అలాంటివాణ్ణి చూసి తోటివాళ్ళు 'వీడికి డూలాలీ టాప్ పట్టింది' అనేవారు. డూలాలీ అంటే దేవలాలే, టాప్ అంటే మన తాపమే. పోను పోను తాపం రాలిపోయి ఊరి పేరొక్కటే మిగిలింది. ఇప్పటికీ ఇంగ్లండులో ఎవరైనా తిక్కగా ప్రవర్తిస్తే 'డూలాలీ' అంటారు.

మనమేం తక్కువ తినలేదు. హైదరాబాదు వైపు ఎవడైనా నాలుగు మాటలు తేడాగా మాట్లాడితే 'వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా' అంటాం. కోస్తాలో అదే మాట విశాఖపట్నం పేరుతో అనేవాళ్ళం. ఆసుపత్రి ఉన్న ఊరి పేరే తిట్టయిపోయింది. ఇక జబ్బు వచ్చినవాడు ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటాడు?

నేను డాక్టర్ని కాను, వకీలునీ కాను. సర్వీసంతా క్లర్కుగా గడిపి సుబేదారుగా ఇంటికొచ్చినవాణ్ణి. ఎన్నో ఏళ్ళు మెడికల్ బోర్డు కాగితాలు టైపు చేశాను. ఆ కాగితాల్లో ఒక చిన్న గడి ఉండేది: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, లేక సర్వీసు వల్ల ముదిరిందా? రెండూ కాదంటే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఎన్.ఏ.ఎన్.ఏ. మా ఆఫీసులో తెలుగువాళ్ళం దాన్ని 'నానా' అని చదివేవాళ్ళం. ఆ నానా పడ్డవాడికి మిగిలేవి నానా తంటాలే. ఈ వ్యాసం ఆ గడి ఎక్కడినుంచి వచ్చిందో, సైన్యంతోపాటు పోలీసుల్లో, ఫైర్ సర్వీసులో అది ఎలా నడిచిందో చెప్పడానికి. చేతికి గుండు తగిలితే ఎవరూ సాక్ష్యం అడగరు. మనసుకు తగిలితే సాక్ష్యం ఎవరు తేవాలి? ఈ వందేళ్ళ చరిత్రంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధంతో మొదలుపెడదాం. 1914 శరదృతువులో ఇండియన్ కోర్ ఫ్రాన్సులో దిగింది. ట్రెంచుల్లో శతఘ్నుల దెబ్బకు ఒంటిమీద గీత పడకుండానే మాట పోయినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, నిద్రలో కేకలు పెట్టేవాళ్ళు వందల్లో, ఆ తర్వాత వేలల్లో తయారయ్యారు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో దీని గురించి రాస్తూ 'షెల్ షాక్' అనే మాటను వైద్యంలోకి తెచ్చాడు. సైన్యం చేసిన పని మాత్రం క్లర్కు పని. కేసులను రెండు రకాలు చేసింది. శత్రువు పేల్చిన గుండు వల్లనే అని తేలితే కాగితం మీద 'డబ్ల్యూ', అంటే గాయం. అలాంటివాడికి చొక్కా చేతిమీద గాయం గుర్తుగా పట్టీ, పెన్షన్ అడిగే హక్కు. అలా తేలకపోతే 'ఎస్', అంటే వట్టి జబ్బు. పట్టీ లేదు, పెన్షనూ లేదు. 1917 వచ్చేసరికి అదీ కష్టమై మరో ముద్ర తయారుచేశారు: ఎన్.వై.డి.ఎన్., 'ఇంకా తేల్చని నరాల కేసు' అని. మన నానాకు తాతగారు ఈయనే.

మన సిపాయిల మీద పడ్డది ఇంకో రకం. చేతికి గాయమైనవాళ్ళు ఎక్కువగా వస్తున్నారని, వీళ్ళు యుద్ధం తప్పించుకోడానికి తమను తామే కాల్చుకుంటున్నారని అనుమానం పుట్టింది. బ్రైటన్‌లో మనవాళ్ళ కోసం పెట్టిన కిచెనర్ ఇండియన్ హాస్పిటల్‌కు అధికారిగా ఉన్న కల్నల్ సర్ బ్రూస్ సీటన్ 1915లో 1000 గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి లెక్క కట్టాడు. ఆ అనుమానానికి ఆధారం లేదని తేల్చాడు. పుణ్యాత్ముడు. వెయ్యి గాయాలు లెక్కపెట్టి సిపాయి దొంగ కాదని రాసిన డాక్టరు ఆ రోజుల్లో ఒకడు ఉన్నాడని తెలిస్తే నాకు మనసు కొంచెం కుదుటపడుతుంది. ఎందుకంటే కనపడే గాయానికే అంత రుజువు కావలసివస్తే కనపడని గాయం సంగతి చెప్పాలా?

ఆ యుద్ధంలో పారిపోయారని, పిరికితనం చూపారని, ఇలాంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన తన సైనికుల్లో 306 మందికి 2006లో చట్టం చేసి క్షమాపణ ఇచ్చారు. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత! యుద్ధం అయ్యాక 1922లో లార్డ్ సౌత్‌బరో కమిటీ షెల్ షాక్ మీద నివేదిక ఇచ్చింది. ఆ మాటనే వాడొద్దంది. మనసు చెదిరిన కేసును యుద్ధ గాయాల లెక్కలో చూపొద్దంది. మాట తీసేస్తే జబ్బు పోతుందని కాబోలు.

రెండో యుద్ధంలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి మనందరికీ తెలిసిందే, తెలియకుండా అనుభవించినదే. 1943లో డెహ్రాడూన్‌లో ఆఫీసర్ల ఎంపికకు సెలక్షన్ బోర్డు పెట్టి, అందులో మనస్తత్వ పరీక్షలు చేర్చారు. నేటి ఎస్సెస్‌బీలకు మూలం అదే. అంటే సైకాలజీ మన సైన్యంలోకి గట్టిగా అడుగుపెట్టింది ఏరివేతకు. బర్మా రంగంలో పద్నాలుగో సైన్యం వెంట సైకియాట్రిస్టులు కూడా ఉన్నమాట నిజమే గానీ, సామాన్య జవాను మనసులో సైకాలజీ అంటే ఇప్పటికీ 'పాస్ చేసేది, ఫెయిల్ చేసేది' అనే ముద్రే ఉంది. నయం చేసేది అనుకోడు.

రెండో మార్పు పెన్షన్లలో. 1943లో బ్రిటన్ రుజువు భారాన్ని సైనికుడి నెత్తిమీద నుంచి తీసి ప్రభుత్వం మీద పెట్టింది. తీసుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాడు తర్వాత జబ్బుపడితే, సర్వీసు కారణం కాదని సర్కారే చూపాలి. చిన్న మాటలా కనపడుతుంది గానీ తక్కెడ ఒక పక్కనుంచి ఇంకో పక్కకు వాలింది.

అదే ఆలోచన మన నిబంధనల్లోనూ ఉంది. 1961 నాటి ఆర్మీ పెన్షన్ రెగ్యులేషన్లలో 173వది చెప్పేది ఇది: సర్వీసు వల్ల వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన వైకల్యంతో ఇన్‌వాలిడ్ అవుట్ అయి, అది 20 శాతానికి తగ్గకుండా ఉంటే డిజేబిలిటీ పెన్షన్ ఇవ్వాలి. ఎలా తేల్చాలో 1982 ఎన్‌టైటిల్‌మెంట్ రూల్సు చెప్పాయి. 5వ రూలు: భర్తీ నాడు కాగితంలో ఏ లోపమూ రాయకపోతే, ఆ మనిషి ఒంట్లోనూ మనసులోనూ బాగున్నాడనే అనుకోవాలి. 'మనసులోనూ' అన్నది నేను కలిపింది కాదు, రూల్లోనే ఉంది. 9వ రూలు: రుజువు చేయమని సైనికుణ్ణి అడగకూడదు, అనుమానం ఉంటే దాని లాభం అతనికే. అక్కడితో ఆగలేదు. వెనక జతచేసిన జాబితాలో శ్రమ, ఒత్తిడి వల్ల ప్రభావితమయ్యే జబ్బులని ఒక భాగం ఉంది. అందులో మొదటి పేరు సైకోసిస్, సైకోన్యూరోసిస్. బీపీ కన్నా ముందు! 1982లోనే మన దేశం కాగితం మీద ఇంత మంచి మాట రాసుకుంది.

కాగితం మీద అంత మంచిగా ఉంటే మరి ఏమైంది? బోర్డుల్లో ఒక మాట తిష్ఠ వేసింది: 'కాన్‌స్టిట్యూషనల్ డిజార్డర్'. కొత్తలో ఆ మాట టైపు చేస్తూ ఇదేదో రాజ్యాంగానికి సంబంధించిన వ్యవహారం అనుకున్నాను, నవ్వకండి. తర్వాత మా హెడ్ క్లర్కు చెప్పారు, 'అది కాదోయ్, పుట్టుకతో ఒంట్లోనే ఉన్నది, మన సర్వీసుకు సంబంధం లేదు అని అర్థం' అని. ఒక్క వాక్యం. కారణాలు రాయరు. ఎందుకు పుట్టుకతో వచ్చిందో, అయితే భర్తీ నాడు ఎందుకు కనపడలేదో రాయరు. మానసిక కేసులకు ఆ వాక్యం దాదాపు అచ్చు వేసినట్టే వచ్చేది. నేనూ అచ్చువేసినట్టే టైపు చేసేవాణ్ణి. కింద ఎడమ మూల నా పొట్టి అక్షరాలు పెట్టేవాణ్ణి, టైపు చేసింది ఎవరో తెలియడానికి.

రిటైరయ్యాక ఊళ్ళో ఉండగా, 2011లో అనుకుంటాను, పక్క ఊరి నుంచి ఒక ఆవిడ ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. భర్త సిపాయిగా ఎనిమిదేళ్ళు చేసి, 1990ల్లో మానసిక జబ్బుతో ఇంటికొచ్చేశాడు. 20 శాతం వైకల్యం అన్నారు, నానా అన్నారు. పదేళ్ళు నిండలేదు కాబట్టి గ్రాట్యుటీ చేతిలో పెట్టి పంపించారు. అరుగు మీద కూర్చుని ఆవిడ అడిగిన మాట ఇది:

"అన్నయ్యగారూ, నాకు చదువు రాదు. ఒక్కటి చెప్పండి. ఆయన్ని తీసుకునేటప్పుడు మీ డాక్టర్లే గదా బట్టలిప్పించి పరీక్ష చేసి బాగున్నాడని తీసుకుంది? పాడైంది మీ దగ్గరే గదా? మరి మా ఇంట్లోనే పుట్టిన జబ్బని ఎట్లా రాశారు?"

1982 రూల్సులో 5వది, 9వది, ఆ మధ్యలోవి కూడా ఆవిడ ఒక్క ఊపిరిలో చెప్పేసింది. నేను కాగితం తిప్పి చూశాను. ఎడమ మూల ఉన్న పొట్టి అక్షరాలు నావి కావు. కావని తెలిశాక హాయిగా అనిపించింది, అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

ఆవిడ ప్రశ్నను సుప్రీంకోర్టు 2013 జూలై 2న దాదాపు అదే వరసలో అడిగింది. సిగ్నల్స్ కోర్‌లో తొమ్మిదేళ్ళు చేసి మూర్ఛ వ్యాధితో ఇంటికి పంపబడ్డ సిపాయి కేసు అది. పేరు మన వాళ్ళకు కంఠతా వచ్చు. నేను రాయను, జబ్బు పేరు పక్కన మనిషి పేరు రాసే అలవాటు సర్వీసులో చాలా అయింది. భర్తీ నాడు కాగితంలో ఏమీ రాయలేదు, కాబట్టి సర్వీసులో వచ్చిందనే భావించాలి, కాదంటే బోర్డు కారణాలు రాయాలి, కారణం లేని అభిప్రాయం చెల్లదు అంది కోర్టు. అదే ఏడు మానసిక జబ్బు మీద ఇంకో తీర్పు. 1972లో చేరి 1977లో స్కిజోఫ్రీనియా పేరుతో బయటికొచ్చిన సిపాయిది. బోర్డు మాటే వేదం కాదు, సరైన పరిశీలన లేకుండా రాసిందైతే మళ్ళీ చూడాలి అని, రివ్యూ మెడికల్ బోర్డు వేయమన్నారు. ముప్ఫై ఆరేళ్ళ తర్వాత. 2014లో ఇంకో రెండు మెట్లు: అసలు ఇన్‌వాలిడ్ చేసి పంపారంటేనే వైకల్యం 20 శాతం పైన ఉన్నట్టు అని జూన్‌లో, 50కి లోపు శాతాన్ని 50గా లెక్కగట్టే సౌకర్యం పూర్తి సర్వీసు చేసి దిగినవాళ్ళకూ వర్తిస్తుందని డిసెంబరులో. 2015లో రక్షణ మంత్రి మనోహర్ పరిక్కర్ వేయించిన నిపుణుల కమిటీ కూడా ఇలాంటి పెన్షన్ల మీద ప్రభుత్వం అనవసరంగా అప్పీళ్ళకు పోతోందనే రాసింది.

ఇక్కడితో ఆపేస్తే కథ సుఖాంతం. కానీ మన వాళ్ళలో చాలామంది 2013 తీర్పు ఒక్కటి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు, నాలుగేళ్ళ సర్వీసు తర్వాత స్కిజోఫ్రీనియాతో బయటికొచ్చిన సిపాయి కేసును కొట్టేసింది. భర్తీ నాటి పరీక్షలో కన్ను, చెవి, ఎముక చూడగలరు గానీ మనసులోని జబ్బు ఆ కొద్దిసేపట్లో దొరకకపోవచ్చు, కాబట్టి కాగితంలో రాయలేదన్న ఒక్క కారణంతో సర్వీసే కారణం అనలేం, ఏ కేసుకు ఆ కేసు చూడాలి అంది. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. మనసు జబ్బుల్లో వంశం పాలు ఉండటం నిజమే. కానీ నాకొక చిక్కు ప్రశ్న: భర్తీ నాడు కనిపెట్టలేనంత సూక్ష్మమైన జబ్బయితే, ఇంటికి పంపే నాడు అది పుట్టుకతోనే ఉందని అంత గట్టిగా ఎలా కనిపెడుతున్నారు?

నిబంధనలు కూడా మారుతూ వచ్చాయి. 2008లో మళ్ళీ రాసినప్పుడు 1982 నాటి 5వ రూలు మాటలు మునుపటిలా మిగల్లేదు. 2023 సెప్టెంబరు 21 నుంచి మరో కొత్త రూల్సు వచ్చాయి. అందులో 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అనే కొత్త పేరు. కాబట్టి ఎవరికి ఏ రూల్సో దిగిన తేదీని బట్టి చూసుకోవాలి. పదేళ్ళు నిండనివాళ్ళకు ఇన్‌వాలిడ్ పెన్షన్ లేదన్న షరతును 2020లో సడలించారు గానీ, 2019 జనవరి 4 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకే. ఆవిడ భర్తలాంటివాళ్ళు గీతకు అవతలే ఉండిపోయారు.

ఇక పోలీసుల సంగతి. మన సంఘం పుస్తకంలో పోలీసులెందుకు అనేవాళ్ళు ఉంటారు. మన బావమరుదులు, తమ్ముళ్ళు, కొడుకులు సీఆర్పీఎఫ్‌లో, బీఎస్ఎఫ్‌లో లేని ఇల్లు మనలో ఎన్ని? దిగివచ్చాక పోలీసు శాఖలోనో, ఫైర్ సర్వీసులోనో మళ్ళీ యూనిఫారం వేసినవాళ్ళూ ఉన్నారు.

1979లో జాతీయ పోలీసు కమిషన్ తన మొదటి నివేదికలో కానిస్టేబుళ్ళు రోజుకు 10 నుంచి 16 గంటలు, వారానికి ఏడు రోజులూ పనిచేస్తున్నారని రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో వారాంతపు సెలవు ప్రకటించడానికి 2019 జూన్ దాకా పట్టింది. ప్రకటన ఒకటి, స్టేషన్లో డ్యూటీ రోస్టరు ఇంకొకటి అన్నది చదువరులకు చెప్పాలా. కేంద్ర బలగాల్లో 2018 నుంచి 2022 వరకు అయిదేళ్ళలో 654 మంది ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వమే 2023లో పార్లమెంటులో చెప్పింది. అందులో 230 మంది సీఆర్పీఎఫ్ వాళ్ళు. ప్రతి అంకె వెనకా ఒక ఇల్లుంది, ఇంతకన్నా రాయను.

వీళ్ళెందుకు ముందే ఆసుపత్రికి పోరు? మన షేప్ కేటగిరీ చూడండి. ఎస్ అంటే సైకలాజికల్, హెచ్ వినికిడి, ఏ కాళ్ళూచేతులు, పీ ఒంటి దారుఢ్యం, ఈ కంటిచూపు. అయిదు అక్షరాల్లో మొదటిది మనసుదే. కేంద్ర బలగాల్లో ప్రమోషనుకు షేప్-వన్ తప్పనిసరి. ఎస్ దగ్గర ఒకటి కాస్తా రెండు మూడు అయిందంటే ప్రమోషన్ ఆగింది, యూనిట్లో పేరు పడింది. సైన్యంలో మానసిక కేసు అంటే సీవోగారు ఒక ప్రత్యేక రిపోర్టు ఫారం కూడా నింపాలి. డాక్టరుకు మనిషి నడవడి తెలియాలి కాబట్టి దానికి అర్థం ఉంది. కానీ నిద్ర పట్టడం లేదని చెప్పుకుంటే ఆ సంగతి కమాండింగ్ ఆఫీసరు బల్ల మీదకు పోతుందని తెలిసిన జవాను ఏం చేస్తాడు? సెలవులో ఇంటికొచ్చినప్పుడు ప్రైవేటు డాక్టరు దగ్గర మాత్రలు రాయించుకుని, చీటీ చింపేస్తాడు. అలా చింపేసిన చీటీలే తర్వాత కావలసివస్తాయి, జబ్బు సర్వీసులో ఎప్పుడు మొదలైందో చూపడానికి. రుజువును తన చేత్తోనే చించుకున్నాడన్నమాట.

2021 డిసెంబరు 17న ఇలాంటి మనిషి గురించే సుప్రీంకోర్టు ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. 2001లో సీఆర్పీఎఫ్‌లో చేరిన ఒక అసిస్టెంట్ కమాండెంటు 2009 నుంచి మానసిక వైద్యం తీసుకుంటున్నాడు. 2010 నుంచి ఆయన మాట, ప్రవర్తన మీద విచారణలు మొదలయ్యాయి. వైకల్యాల చట్టం 1995లోనే వచ్చింది. సర్వీసులో వైకల్యం వచ్చినవాణ్ణి తీసేయకుండా వేరే పని చూపాలని అందులో 47వ సెక్షను. కానీ 2002లో కేంద్రం ఒక నోటిఫికేషనుతో సీఆర్పీఎఫ్ సాయుధ సిబ్బందిని ఆ రక్షణ నుంచి తప్పించింది. 2016లో కొత్త చట్టం వచ్చింది, అందులో 20వ సెక్షను అలాంటిదే. జబ్బు కారణంగా మనిషి ప్రవర్తన మారితే ఆ ప్రవర్తనను క్రమశిక్షణ నేరంగా చూసి విచారణ జరపడం పరోక్ష వివక్షే అవుతుందని కోర్టు తేల్చింది. విచారణ రద్దయింది. డ్యూటీకి తగడని తేలితే జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలి, ఆయుధాలు లేని చోట వేయవచ్చు అంది. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. తుపాకీ తీసుకోవడం వేరు, అన్నం తీసుకోవడం వేరు.

అయితే ఆ తీర్పుకు నాలుగు నెలల ముందే, 2021 ఆగస్టులో, కేంద్ర బలగాల కంబాటెంట్ ఉద్యోగాలను కొత్త చట్టం నుంచి కూడా మినహాయిస్తూ నోటిఫికేషన్ వచ్చేసింది. తలుపు తెరిచిన కోర్టు వెనకే తలుపు ఓరగా వేసినట్టయింది.

ఫైర్ సర్వీసు గురించి మనలో తెలిసినవాళ్ళు తక్కువ. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో నిప్పు పుట్టింది. కడుపులో పత్తి బేళ్ళు, పక్కనే పేలుడు సామగ్రి. ఫైర్ బ్రిగేడు వాళ్ళు ఓడ మీదా పక్కనా నిలబడి నీళ్ళు కొడుతుండగానే, సాయంత్రం నాలుగు దాటాక, అరగంట తేడాతో రెండుసార్లు పేలింది. 66 మంది ఫైర్‌మెన్ పోయారు. ఆ రోజు గుర్తుగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవం. ఆ 66 మందికి లెక్క ఉంది. ఆ రోజు గొట్టం పట్టుకుని బతికి బయటపడి, తోటివాళ్ళను ముక్కలుగా ఏరినవాళ్ళకు ఏ లెక్కా లేదు. 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టంలో వృత్తి వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది. సీసం విషం ఉంది, ఊపిరితిత్తుల దుమ్ము ఉంది. మనసుకు సంబంధించింది ఒక్కటీ లేదు. 1997 సెప్టెంబరు 14న మన విశాఖ రిఫైనరీలో మంటలు లేచి యాభై మందికి పైగా పోయినప్పుడు ఆ మంటల్లోకి వెళ్ళినవాళ్ళకూ అదే చట్టం, అదే జాబితా.

బయటి దేశాల్లోనూ ఇది ఈమధ్య సంగతే. వియత్నాం నుంచి వచ్చినవాళ్ళ గొడవ తర్వాత 1980లో అమెరికా డాక్టర్ల పుస్తకంలోకి పీటీఎస్‌డీ అనే పేరు ఎక్కింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. బతికినవాళ్ళ వైద్యానికి 2011 జనవరిలో చట్టమైన పథకంలో పీటీఎస్‌డీ, డిప్రెషన్ కూడా చేర్చారు. 2016లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం పోలీసులకు, ఫైర్ సిబ్బందికి పీటీఎస్‌డీ వస్తే అది ఉద్యోగం వల్లనే అని ముందుగా భావించాలని చట్టం చేసింది. 2022 ఆగస్టులో అమెరికా కేంద్ర ప్రభుత్వం విధి నిర్వహణలో చూసినదాని వల్ల పీటీఎస్‌డీ వచ్చి పనికి దూరమైన పోలీసుకు, ఫైర్‌మన్‌కు కూడా వైకల్య పరిహారం వర్తించేట్టు, దాని వల్ల ఆత్మహత్య చేసుకున్నవారి కుటుంబానికి కూడా అందేట్టు చట్టం మార్చింది. ఒంటారియో వాళ్ళు 2016లో రాసింది మనం సైనికుడి కోసం 1982లోనే రాసుకున్నాం, ముప్ఫై నాలుగేళ్ళ ముందు. రాసుకున్నదాన్ని చదవలేదు, అంతే తేడా. మన రాష్ట్రాల్లో కానిస్టేబులుకు, ఫైర్‌మన్‌కు ఇన్‌వాలిడ్ పెన్షన్ ఉంది గానీ, మనసు జబ్బు ఉద్యోగం వల్లే అని ముందుగా భావించే ఒంటారియోలాంటి చట్టం లేదు.

వైద్యం వైపు కొంత మేలు జరిగింది. 1912 నాటి లూనసీ చట్టం పేరులోనే పిచ్చి ఉండేది. 1987 చట్టం పేరు మార్చింది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అంది. ఇన్సూరెన్సు కంపెనీలు ఒంటి జబ్బుకు, మనసు జబ్బుకు తేడా చూపకూడదని కూడా అంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, సీవోగారి బల్ల మీదకు ఏ ఫారమూ పోదు. సైన్యం వాళ్ళ కోసం పుణే ఏఎఫ్ఎంసీలో దాని ప్రత్యేక విభాగాన్ని 2023 డిసెంబరులో పెట్టారు. మీ పిల్లలు ఎవరైనా సర్వీసులో ఉంటే ఆ నంబరు ఫోనులో వేసి ఉంచమనండి. డాక్టరు రాసిన చీటీ మాత్రం చింపవద్దనండి.

ఆవిడ సంగతి సగంలో వదిలాను. 2013 తీర్పుల తర్వాత ఇద్దరం కలిసి కాగితాలు సిద్ధం చేశాం. భర్తీ నాటి మెడికల్ కాగితం దొరకడానికే ఏడాది పట్టింది. మన రెండు రాష్ట్రాలూ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చెన్నై బెంచి పరిధిలోవి కాబట్టి రాత్రి బండి ఎక్కి చెన్నై పోయివచ్చాం, మూడు నాలుగుసార్లు. కేసు నెగ్గినా అరియర్లు పిటిషను వేసిన రోజుకు వెనక మూడేళ్ళవే వస్తాయని వకీలుగారు ముందే చెప్పారు. 2008లో సుప్రీంకోర్టు అలా గీత గీసింది. ఆవిడ వేళ్ళ మీద లెక్కవేసి, "పోయిన పదహారేళ్ళకు ఇంక లెక్కలేదన్నమాట" అంది.

మళ్ళీ బోర్డుకు పిలిచారు. ఆయన్ని తీసుకుని నేనే వెళ్ళాను. అప్పటికి ఆయన మాట్లాడటం బాగా తగ్గించేశాడు. దారిలో టీ కావాలా అంటే తల ఊపేవాడు, అంతే. హాస్పిటల్లో ముగ్గురు ఆఫీసర్లు బల్ల వెనక కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేజరమ్మగారు ఫైలు తీసి, పేరు చెప్పమన్నారు. ఆయన కుర్చీలోంచి లేచాడు. మడమలు దగ్గర పెట్టి, చేతులు పక్కలకు చాపి, ముందు ఆర్మీ నంబరు, తర్వాత ర్యాంకు, తర్వాత పేరు, తర్వాత యూనిట్ చెప్పాడు. నంబరులో ఒక్క అంకె తప్పలేదు. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "కూర్చోండి సాబ్" అన్నారు.